కడ్డీకి కట్టిన కాగితాలు

మా సింగన్నవలస తాసిల్దారు ఆఫీసులో పని జరగదని చుట్టుపక్కల ఊళ్లలో ఒక అపవాదు ఉంది. నేనక్కడ సీనియర్ అసిస్టెంటుని. స్టోరు కూడా నా అధీనంలోనే ఉంటుంది. కాబట్టి ఆ అపవాదులో సగం నా వాటా. బలవర్ధన పథకం గురించి లేనిపోనివి ప్రచారంలోకి వచ్చాయి గనక, జరిగింది జరిగినట్టు చెప్పడం నా ధర్మం. పథకం నడిచినన్నాళ్లూ మా ఆఫీసులో ఎవరూ ఊరికే కూర్చోలేదని ముందే మనవి చేస్తున్నాను. కూర్చుంటే మళ్లీ లేవలేకపోయేవాళ్లం.

పథకం ఎలా పుట్టిందంటే, రాజధానిలో మాకందరికీ పైన ఉండే ఒక పెద్ద ఆఫీసరుగారికి నడుం పట్టేసిందట. డాక్టరు బరువులెత్తమన్నాడట. ఆయన ఎత్తారు, నడుం బాగుపడింది, చొక్కా భుజాల దగ్గర బిగుతైంది. ఎవరో మెచ్చుకున్నారు కూడా. తా వలచింది రంభ, తా మునిగింది గంగ అన్నారు కదా, తనకు పడిన మందు ఉద్యోగులందరికీ పడుతుందని ఆయనకు తోచింది. ఉదయం తోచింది సాయంత్రానికి ఉత్తర్వైపోయింది.

ఆ ఉత్తర్వును మా తాసిల్దారు వెన్నెలకంటి భుజంగరావుగారు అందరినీ నిలబెట్టి చదివారు.

"ఇందుమూలముగా సమస్త కార్యాలయాధిపతులకు తెలియజేయునది ఏమనగా, బలహీనుడైన ఉద్యోగి సంతకము కూడ బలహీనముగానే ఉండునని అనుభవపూర్వకముగా రుజువైనందున, ప్రతి ఉద్యోగియు ప్రతిదినము భారములనెత్తి, తదుపరి ప్రభుత్వము సరఫరా చేయు పోషక చూర్ణమును నీటితో కలిపి సేవించి, మూడు మాసములకొకసారి కండ పెరుగుదలను నిర్ణీత నమూనాలో సమర్పించవలెను. భారము తగ్గరాదు, పెరుగుచుండవలెను. కండ పెరగని వారికి ఇంక్రిమెంటు పెరగదు. వ్యాయామ పరికరములు విడిగా సరఫరా చేయబడును."

చివరి వాక్యం వినగానే అనుభవజ్ఞులం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం. విడిగా సరఫరా చేయబడును అన్న వస్తువును మా సర్వీసులో ఎవరమూ కళ్లతో చూసి ఎరగం.

పొడి మాత్రం వచ్చేసింది. డబ్బా మీద ఒక మనిషి బొమ్మ. ఆయన మెడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పడం కష్టం. ప్రతి డబ్బాలో ఒక ప్లాస్టిక్ గరిటె. అందరికంటే తక్కువ ధరకిస్తానన్నవాడికే సరఫరా దక్కాలన్నది ప్రభుత్వ నియమం గనక, ఆ నియమం ప్రకారం దక్కినవాడి పొడి అది. వెనిలా వాసన వెనకాల ఇంకేదో బాగా ఎరిగిన వాసన వచ్చేది. నేనొక డబ్బా పరిశీలనార్థం ఇంటికి తీసుకెళ్లాను. మా ఆవిడ దాన్ని నీళ్లలో జారుగా కలిపి, కాస్త వాము, ఉప్పు వేసి, మిరపకాయ ముంచి నూనెలో వదిలింది. బజ్జీ పొంగి బంగారంలా తేలింది. శనగపిండిలో ఆ సరఫరాదారు కలిపిన వెనిలా వల్ల కొంచెం కేకు వాసన వచ్చిన మాట నిజమే గానీ, రెండోదానికి అలవాటైపోయింది.

ఈ విషయం తాసిల్దారుగారి దృష్టికి తీసుకెళ్లాను. ఆయన ఉత్తర్వును మళ్లీ చదివారు.

"నీటితో కలపమన్నారు. కలుపుతున్నాం. తదుపరి నూనెలో వేయరాదని ఎక్కడైనా ఉందా?"

"లేదండి."

"లేనప్పుడు ఆటంకము లేదు" అన్నారు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం టీ వేళకి ఆఫీసు వెనక పొయ్యి వెలిగేది. అటెండరు సన్యాసమ్మ కళాయి దగ్గర కూర్చునేది. పోషక చూర్ణ సేవనంలో జిల్లాలో మాదే మొదటి స్థానం.

ఇక భారములు. పరికరాలు రాలేదని పైకి రాస్తే, "స్థానికముగా లభ్యమగు భారములను వినియోగించుకొనవలెను" అని జవాబొచ్చింది. స్థానికంగా మా దగ్గర లభ్యమయ్యే భారం ఒక్కటే, కాగితాలు. గోడల వెంబడి పైకప్పు దాకా ఎర్రగుడ్డ మూటలు. వెనక పెరట్లో పాత బోరు పైపు ఇనుపది ఒకటి పడుంది. దాన్ని తెచ్చి రెండు చివర్లా మూటలు కట్టాం. అదే మా కడ్డీ. రెండు పక్కలా సమంగా ఉండాలని రేషను డిపో నుంచి కాటా తెప్పించి తూచాం. ఆ కాటా మీద ఊళ్లో వాళ్లకి అనుమానాలున్నాయి గానీ, మా పనికి అది బాగానే పనికొచ్చింది. దాని మీద తూచిన దేనికైనా అసలుకంటే బరువెక్కువే.

వ్యాయామ శిక్షకుడి పోస్టు మంజూరు కాలేదు. మా సర్వేయరు కోదండానికి అదనపు బాధ్యత అప్పగించారు, టేపు ఆయన దగ్గరే ఉంది గనక. ఆయన పద్ధతైన మనిషి. ఒక్కొక్కరి చెయ్యీ కొలిచి, హద్దులు రాసి, సంతకం చేయించుకునేవాడు. నాది ఇలా రాశాడు: ఉత్తరం భుజం, దక్షిణం మోచెయ్యి, తూర్పు చొక్కా, పడమర డొక్క. మెత్తగా తగిలినచోట పోరంబోకు అని రాశాడు. తాసిల్దారుగారి పొట్ట దగ్గర కాసేపు ఆలోచించి, సర్కారు భూమి అని రాశాడు.

మూడు నెలలయ్యేసరికి చేతుల హద్దులు చెక్కుచెదరలేదు. బజ్జీల ప్రభావం మాత్రం నడుముల దగ్గర స్పష్టంగా కనిపించింది. నమూనాలో కండ చుట్టుకొలత అని ఉందే తప్ప, ఎక్కడి కండో అడగలేదు. కోదండం పెరుగుదల ఉన్నచోట కొలిచాడు. పై ఆఫీసు నుంచి మాకు ప్రశంసాపత్రం వచ్చింది.

ఎత్తడం కూడా మా పద్ధతిలో మేం ఎత్తుతూనే ఉన్నాం. ఉత్తర్వులో ఎత్తవలెను అని ఉంది, ఎంతెత్తో లేదు. ఇద్దరు కలిసి ఒక చివర పట్టుకుని లేపితే, కోదండం కిందనుంచి ఒక కాగితం దూర్చి లాగేవాడు. కాగితం చిరగకుండా వస్తే ఎత్తినట్టు. తర్వాత రెండో చివర. తాసిల్దారుగారు మాత్రం పైపును మధ్యలో తాకేవారు. అధికారి తాకితే ఎత్తినట్టే లెక్క అని ఆయనే ఆదేశించారు.

చిక్కంతా మరోచోట వచ్చింది. వ్యాయామానికి వాడుతున్నాం గనక ఆ మూటలు స్టోరులోని సామానుగా నా పేరు మీదికి ఎక్కాయి. సామాను తగ్గితే బాధ్యుణ్ణి నేను. పైగా భారము తగ్గరాదు, పెరుగుచుండవలెను అని ఉత్తర్వు. అంటే వచ్చిన ప్రతి అర్జీ మూటలోకి వెళ్లాలి, వెళ్లింది బయటికి రాకూడదు. అర్జీ తెచ్చినవాణ్ణి మేం అప్పట్లో ఎంత ఆదరంగా చూశామో అడిగి తెలుసుకోండి. బరువు తెచ్చాడని కుర్చీ వేసేవాళ్లం. తాసిల్దారుగారు సంతకాలు కూడా చకచకా పెట్టేసేవారు. సంతకమైన కాగితాన్ని మళ్లీ దాని మూటలోనే పెట్టి కట్టేసేవాళ్లం.

ఈ పరిస్థితుల్లో వచ్చింది కర్రోతు పైడిలక్ష్మి. గొల్లలవలస అమ్మాయి. బరువులెత్తే పోటీల్లో పతకాలు తెచ్చుకున్న పిల్ల. నెల కిందట నివాస ధ్రువీకరణ పత్రం కోసం అర్జీ పెట్టుకుంది.

"అయ్యిందాండి నాది?" అంది.

"ఎప్పుడో అయింది తల్లీ. సంతకం, సీలు, అన్నీ."

ఆ పిల్ల మొహం విప్పారింది. "అయితే ఇచ్చీండి. పోలీసు ఉజ్జోగానికండి, ఆటల కోటా. సెనివారం సాయంత్రం ఐదింటికల్లా జిల్లాలో కాయితాలు సూపించాల. అన్నీ ఉన్నాయి, ఇదొక్కటే లేదు. అమ్మ జూటుమిల్లులో చేసీది, మిల్లు మూసేసినారు. ఇంక ఈ ఉజ్జోగమే మా ఇంటికి."

నేను వేలు పెట్టి కడ్డీని చూపించాను. "అదిగో, ఎడమ పక్క మూటలో ఉంది."

ఆ అమ్మాయి కడ్డీ దగ్గరికెళ్లి వంగి చూసింది. మూట అంచున తన పేరున్న అట్ట కనిపిస్తోంది. వేలితో తాకింది.

"ఇదేనండి. లాగీనా?"

"ముట్టుకోకు! అది ప్రభుత్వ వ్యాయామ పరికరం. లాగితే ఎడమ పక్క తేలికవుతుంది."

"ఒక్క కాయితమే గదండీ."

"ఒక్క కాగితమే అనే మొదలవుతుంది ఏదైనా."

ఆమె కాస్త ఆలోచించింది. "అయితే కుడిపక్కది కూడా ఒకటి తీసీండి. సమానమైపోద్ది."

తెలివైన పిల్ల. కానీ మొత్తం భారం తగ్గుతుందని వివరించాను. "పోనీ తెల్ల కాయితాలు పెట్టీండి దాని బదులు" అంది. నేను తాసిల్దారుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బజ్జీ పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకున్నారు.

"అమ్మాయీ, తెల్ల కాగితము భారము కాదు. అర్జీయే భారము. నీ పత్రమునకు సరితూగు నూతన అర్జీని సమర్పించినచో, సానుభూతితో పరిశీలించబడును."

ఆ అమ్మాయి అరుగు మీద కూర్చుని, తన పత్రం ఆలస్యమైందని ఫిర్యాదు రాసింది. ఎవరో చెప్పినట్టున్నారు, దానికి తన పతకాల నకళ్లన్నీ జతచేసి తెచ్చింది. కాటా మీద పెట్టి చూశాం. చిట్టాలో రాసుకున్న ఆమె పత్రం బరువుకి సరిగ్గా సరిపోయింది. నాకు కూడా సంతోషమే వేసింది, ఆ మాట దాచడం దేనికి. కానీ ఆఫీసు పద్ధతి ఒకటుంది. పాత అర్జీకి సంబంధించిన కొత్త అర్జీ వస్తే రెంటినీ కలిపి జతపరచాలి. పాతదాన్ని బయటికి తీస్తే కొత్తదాన్ని దేనితో జతపరుస్తాం? కనుక కొత్తదాన్ని కూడా పాతదాని మీదే పెట్టి, మూట బిగించి కట్టాం. ఎడమ పక్క కొంచెం దిగింది. సమానం చేయడానికి కుడిపక్క ఎవరిదో వితంతు పింఛను మంజూరు పత్రం చేర్చాం.

"ఏటండి ఇది?" అంది పైడిలక్ష్మి. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక అడిగింది.

రేపు రమ్మన్నాను.

రేపూ వచ్చింది, ఎల్లుండీ వచ్చింది. మిగతా అర్జీదార్లతోపాటు అరుగు మీద కూర్చునేది. శనివారం పొద్దున్న మరీ పెందలాడే వచ్చింది, చేతిసంచిలో మిగతా కాగితాలన్నీ సర్దుకుని, జిల్లాకి పోవడానికి సిద్ధమై. ఆవేళే మాకు ముందుగా చెప్పకుండా తనిఖీ వచ్చిపడింది.

వచ్చినవారు బలవర్ధన విభాగపు సంయుక్త సంచాలకులు. పల్చటి మనిషి, గాలికి ఒక పక్కకి ఒరిగేలా ఉన్నారు. మాకు ప్రశంసాపత్రం పంపింది వారే. కోదండం రాసిన కొలతలు చూసి ఆనందించారు. బజ్జీలు తిని ఆనందించారు. పోషక చూర్ణంతో చేసినవని చెబితే ఇంకా రెండు తిన్నారు. తర్వాత కడ్డీ చుట్టూ తిరిగి, ఆగి, అన్నారు:

"ఈ మండలమున అత్యధిక భారము నమోదైనది. తాసిల్దారుగారు ప్రతిదినము స్వయముగా ఎత్తుచున్నట్లు నివేదికలున్నవి. అభినందనీయము. ఒక్క పర్యాయము తల మీదికెత్తి చూపినచో ఛాయాచిత్రము తీసుకొందుము."

భుజంగరావుగారు అలవాటు చొప్పున పైపును మధ్యలో తాకి, నమస్కారం చేసి వెనక్కి జరిగారు.

"తాకుట కాదు. ఎత్తుట" అన్నారు సంచాలకులు.

మా దొరగారు పౌరుషంగల మనిషి. నడుం వంచారు. రెండు చేతులా పట్టుకున్నారు. మొహం మిరపపండులా అయింది. కడ్డీ కదల్లేదు, ఆయన నడుములో ఏదో కదిలింది. అలా వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. ఇద్దరం పట్టుకుని ఆ భంగిమలోనే తీసుకెళ్లి కుర్చీలో పెట్టాం. చూసేవాళ్లకి బల్ల కింద ఏదో వెతుక్కుంటున్నట్టున్నారు.

సంచాలకులు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నివేదికలకును వాస్తవమునకును వ్యత్యాసము కనబడుచున్నదే?"

నా ఇంక్రిమెంటు నా కళ్లముందే కరిగిపోతోంది. అప్పుడు గుమ్మంలోంచి వినిపించింది:

"నేనెత్తీనాండి?"

"ఎవరీమె?" అన్నారు సంచాలకులు.

"అర్జీదారండి. ఆమె పత్రం అందులోనే ఉంది" అన్నాను.

సంచాలకులు క్షణం ఆలోచించారు. వారికి కావలసింది ఛాయాచిత్రం. "ఉద్యోగుల బలము ప్రజలకు సంక్రమించుట కూడ పథక లక్ష్యమే. అనుమతించడమైనది."

పైడిలక్ష్మి చేతిసంచి అరుగు మీద పెట్టింది. చున్నీ నడుముకి బిగించింది. అరచేతులు చెమట పట్టి జారకూడదని అటూ ఇటూ చూసి, పొడి డబ్బా మూత తీసి, గుప్పెడు తీసుకుని చేతులకు రుద్దుకుంది. ఆ పొడి ఒక ఆటకు పనికిరావడం నేను చూసింది అప్పుడే. తర్వాత సంచాలకుల వైపు తిరిగింది.

"సార్, మీరే రిఫరీ. ఎత్తినాక మీరు దింపమని సెప్పేదాకా నేను దింపకూడదు. అది మా ఆట రూలు. సెప్తారు గదా?"

వారి జీవితంలో వారిని రిఫరీ అన్నవారు లేరనుకుంటాను. ఛాతీ విరుచుకుని, "అటులనే" అన్నారు.

ఆ అమ్మాయి కడ్డీ ముందు నిలబడి పైపు మీద చేతులు ఆనించింది. అది రెండు బియ్యం బస్తాల పైమాటే. ఒక్క ఊపున మెడ దగ్గరికొచ్చింది. గొంతుకూర్చుని లేచింది. ఊపిరి బిగబట్టింది. కాళ్లు ముందుకీ వెనక్కీ చీల్చి ఒక్క తోపు తోసేసరికి, మా మండలం అర్జీలన్నీ ఆమె తల మీదున్నాయి. కాళ్లు దగ్గరికి తెచ్చి నిటారుగా నిలబడింది. అరుగు మీది జనం గుమ్మంలోకి తోసుకొచ్చారు. ఏళ్ల తరబడి ఆ కాగితాలు కాస్త జరిగితే చాలని చూసినవాళ్లు, అవి అంతెత్తున ఉండడం చూసి నోళ్లు తెరిచారు.

ఫొటో తీశారు. ఆమె సంచాలకుల వంక చూసింది.

సంచాలకులు గొంతు సవరించుకున్నారు. "ప్రియమైన ఉద్యోగులారా! ఈ దృశ్యము బలవర్ధన పథకపు విజయమునకు ప్రత్యక్ష తార్కాణము. ఈ పథకము ప్రారంభించిన తొలినాళ్లలో కొందరు సంశయాత్ములు..."

ఆమె చేతులు సన్నగా వణకడం మొదలైంది. మెడనరాలు తేలాయి. సంచాలకులు సంశయాత్ముల గురించి చెప్పి, సంశయం ఎన్ని విధాలో చెప్పడం మొదలుపెట్టారు. నేను ఆ పిల్ల మొహంలోకి చూడలేకపోయాను. సామాను నా పేరు మీదుంది, కింద పడితే నేను పోతాను. అయినా దింపమనండి మహాప్రభో అని లోపల్లోపల మొక్కుకున్నాను.

"సార్" అంది పళ్లబిగువున. "సెప్పండి సార్."

"ఆఁ... ఏమిటి? ఆ, దించవచ్చును" అన్నారు వారు, మాటకు అడ్డొచ్చిందన్న చిరాకుతో.

మాకెవరికీ తెలియని సంగతి ఇక్కడొకటుంది. ఎవరం తల దాకా ఎత్తి ఎరగం గనక, దించడం ఎలాగో కూడా ఎరగం. ఆటల్లో రిఫరీ దింపమన్నాక కడ్డీని బిడ్డని పడుకోబెట్టినట్టు దింపరట. పైనుంచే వదిలేస్తారట. ఆమె ఒకడుగు వెనక్కి వేసి వదిలేసింది.

నేలకు తగిలిన చప్పుడుకి పొయ్యి దగ్గరున్న సన్యాసమ్మ "ఓలమ్మో!" అని కేకేసింది. తాళ్లు తెగాయి, ఎర్రగుడ్డలు పిగిలాయి, కాగితాలు ఆఫీసంతా పరుచుకున్నాయి. గుమ్మంలోని జనం లోపలికొచ్చేశారు. ఎవరి అట్ట వాళ్లు గుర్తుపట్టుకుంటున్నారు. చదువురానివాళ్లు ఫొటో చూసి పట్టుకుంటున్నారు. "ఇది మీ మావది, అందుకో" అని ఒకళ్లకొకళ్లు అందించుకుంటున్నారు. పైడిలక్ష్మి మోకాళ్ల మీద కూర్చుని తన పత్రం వెతికి తీసింది. దుమ్ము దులిపి, సీలు ఉందో లేదో చూసుకుంది.

"వెళ్లొస్తానండి" అంది నాతో, చేతులకింకా శనగపిండితోనే. గుమ్మం దాటేసరికి పరుగందుకుంది. పది నిమిషాల్లో జిల్లా బస్సు ఉంది.

ఆ సాయంత్రం ఐదింటికల్లా ఆమె కాగితాలు చూపించిందనీ, ఉద్యోగం వచ్చిందనీ తర్వాత విన్నాను.

నా సంగతి మాత్రం అయిపోయిందనుకున్నాను. భారం మొత్తం ఖాళీ అయింది. సంజాయిషీ రాయడానికి కూర్చుంటే కలం సాగలేదు. కానీ పై ఆఫీసుల లీల మనకు అర్థం కాదు. సంయుక్త సంచాలకులు తమ నివేదికలో రాశారట: "సింగన్నవలసలో అపరిష్కృత అర్జీలన్నియు ఒక్క ఎత్తుతో పరిష్కారమైనవి. ఎత్తినది ఉద్యోగి కాదు, అర్జీదారు. కావున ఎత్తవలసినది ఎవరో స్పష్టమగుచున్నది." వారం తిరక్కుండా కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఉద్యోగులు బరువులెత్తనక్కర్లేదు. కడ్డీని అర్జీదారే ఎత్తాలి. తల మీదికెత్తినవారు తమ పత్రం తీసుకుపోవచ్చు. ఎత్తలేనివారికి జాప్యం జరిగితే, అది కార్యాలయపు జాప్యం కాదు, అర్జీదారు బలహీనత.

ఈ ఉత్తర్వు అందాన్ని మెచ్చుకోవాలి. ఒక్క దెబ్బతో రాష్ట్రంలో ఏ ఆఫీసులోనూ జాప్యమన్నది లేకుండా పోయింది. మిగిలిపోయిన పొడి డబ్బాలు కూడా అర్జీతోపాటు ఒక్కోటి ఇవ్వమన్నారు, బలం పుంజుకుని రమ్మని. మేం తినే బజ్జీలు ఆ రోజుతో ఆగిపోయాయి. ప్రజల కోసం ఆ త్యాగం చేశాం.

కొత్త అర్జీలతో కడ్డీ మళ్లీ నిండింది. అరుగు మళ్లీ నిండింది. బోని బంగారమ్మ అనే ముసలావిడ మొగుడు పోయిన పింఛను కోసం ప్రతి సోమవారం వచ్చేది. నీళ్లలో కలుపుకుని తాగమని మేమిచ్చిన డబ్బా చంకన పెట్టుకుని, కడ్డీ ముందు నిలబడి, రెండు చేతులా పట్టుకుని లాగేది. అది కదిలేది కాదు. నేను కాగితం మీద రాయాలి: బలహీనత కారణముగా పెండింగు.

"ఈపాలి రెండు గరిటెలు తాగినాను బాబూ" అంది ఒకసారి. "అయినా కడ్డీ లెగనేదు."

ఆ మాట రాసేటప్పుడు నాకు సిగ్గేసింది. రాశాను.

ఇలాంటి ఫిర్యాదులు పైకి కూడా వెళ్లినట్టున్నాయి. పైన ఎవరో దయగలవారు ఉత్తర్వుకు ఒక సవరణ చేర్చారు. వృద్ధుల తరఫున, అశక్తుల తరఫున వారి బంధువులు ఎత్తవచ్చునని. దయ చూపినట్టుంటుంది, ప్రమాదమేమీ లేదని వారి ఉద్దేశం. రెండు బస్తాల బరువు తల మీదికెత్తే బంధువులు ఎంతమందికుంటారు?

ఆ సవరణ వచ్చిన తర్వాతి సోమవారం ఒక ఆటో వచ్చి ఆగింది. ముందు పైడిలక్ష్మి దిగింది. సెలవు మీద వచ్చిందట, జుట్టు కత్తిరించుకుంది. ఆమె వెనకాల ఆటోలోంచి గొల్లలవలస ఆడపిల్లలు దిగుతూనే ఉన్నారు. ఆమెతోపాటు ఊళ్లో షెడ్డు కింద బరువులెత్తే పిల్లలు. ఒక ఆటోలో అంతమంది ఎలా పట్టారో కోదండం కొలిచినా తేలదు.

పైడిలక్ష్మి తిన్నగా బంగారమ్మ దగ్గరికెళ్లింది. "అవ్వా, లెగు. నీదేది?"

భుజంగరావుగారు లోపల్నించి వచ్చారు. నడుం ఇంకా పూర్తిగా నిలబడలేదు, కొంచెం వంగే నడుస్తున్నారు. "ఆగుము. ఈ వృద్ధురాలు నీకేమవుతుంది?"

"అవ్వండి."

"మీది గొల్లలవలస. ఈమెది పక్క ఊరు. ఇంటిపేర్లు కూడ వేరు."

"మా పెద్దమ్మని వీళ్లూరే ఇచ్చినారండి. ఆ లెక్కన అవ్వ." ఆమె అరుగు వైపు తిరిగింది. "ఆయన మావ. ఆవిడ పిన్ని. ఆ సివర కూకున్నాయన తాత. ఇక్కడున్నోళ్లందరూ మాకేదో వరసౌతారండి. సుట్టుపక్కలోళ్లం, వరస లేకుండా ఎలగ పిలుస్తాం?"

అరుగు మీదివాళ్లంతా అవునన్నట్టు తలలూపారు. నిజానికి మా ప్రాంతంలో అంతే. పేరు పెట్టి పిలిస్తే కొడతారు.

తాసిల్దారుగారు తేలిగ్గా ఓడిపోయే మనిషి కారు. కండువా సర్దుకున్నారు.

"నోటిమాట చెల్లదు. బంధుత్వమునకు ధ్రువీకరణ పత్రము సమర్పించవలెను. ప్రతి ఒక్కరికీ విడివిడిగా. సదరు పత్రమును జారీ చేయవలసినది ఈ కార్యాలయమే. జారీ అయిన పిమ్మట అది నిబంధనల ప్రకారము..." అని ఆగి, కడ్డీ వైపు చెయ్యి చూపించారు.

పిల్లలంతా పైడిలక్ష్మి వంక చూశారు. ఆమె కడ్డీని ఒకసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. బంగారమ్మ చంకలోని డబ్బా అందుకుని, మూత తీసి, అరచేతిలో పొడి పోసుకుని, డబ్బాని పక్క పిల్లకి అందించింది.

"అలగేనండి. అవి కూడా దీనికే కట్టీండి" అంది చేతులు రుద్దుకుంటూ. "అన్నీ కలిపి ఒక్కసారే ఎత్తీస్తాం."

నేను లేచి, గుమ్మానికడ్డంగా ఉన్న నా కుర్చీ పక్కకి జరిపాను.